పాటల పెట్టె: కింద స నుంచి పైన స దాకా

పోయిన నెల ఈ పేజీలో పిల్లలకి ఇంగ్లీష్ పాటలు నేర్పించొచ్చా అని ఒకరు అడిగితే, భేషుగ్గా నేర్పించండి, 'ఓవర్ ద రెయిన్‌బో'తో మొదలుపెట్టండి అని ఒక్క ముక్క రాసి వదిలేశా. ఆ ఒక్క ముక్కకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. పెరంబూర్, రాయపురం, ఆవడి, చూళైమేడు, మద్రాసులో తెలుగు మాట్లాడే ప్రతి మూల నుంచీ వచ్చాయి. అందుకని ఈ నెల పేజీ మొత్తం ఆ పాటకే ఇచ్చేస్తున్నా. త్యాగరాజ కీర్తనల గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి, మీ ఉత్తరాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా పాప ఆరో క్లాసు. స్కూల్ యాన్యువల్ డేకి ఈ పాటే ఇచ్చారు. మూడేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, వర్ణాల దాకా వచ్చింది, అయినా ఈ పాటలో మొదటి మాట దగ్గరే గొంతు జారిపోతోంది. అసలు ఇది ఏ సినిమాలోది, కథేంటి, ఎలా పాడించాలి? ఇంట్లో ఎవరికీ తెలీదు. (పెరంబూర్ నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు మీ పాపకి చెప్పండి, ఆ మొదటి మాట దగ్గర అందరి గొంతూ జారుతుంది, అది ఆ పిల్ల తప్పు కాదు. ఆ పాటని కట్టిందే అలా.

కథ చెప్తా. 1939లో ఎమ్‌జీఎమ్ అనే హాలీవుడ్ స్టూడియో వాళ్ళు తీసిన 'విజర్డ్ ఆఫ్ ఓజ్' అనే సినిమాలోది. డోరతీ అని ఒక పిల్ల, అమెరికాలో కాన్సాస్ అనే చోట పిన్ని, బాబాయిల దగ్గర పొలంలో పెరుగుతుంటుంది. ఆ పిల్లకో కుక్కపిల్ల, పేరు టోటో. ఆ కుక్కతో ఊళ్ళో ఒకావిడకి గొడవ అవుతుంది, ఆ సంగతి చెప్పుకుందామని ఇంటికి పరిగెత్తుకొస్తే ఎవరికీ తీరిక లేదు, పిన్ని కోడిపిల్లలు లెక్కపెట్టుకుంటోంది, నువ్వు ఏ గొడవా లేని చోటేదన్నా చూసుకుని అక్కడ కూర్చో అమ్మా అని పంపించేస్తుంది. మనిళ్ళల్లో అనమా మనం, పొయ్యి మీద కూర మాడుతుంటే పిల్లొచ్చి కొంగు లాగితే, అదిగో అలాగే. ఆ పిల్ల బయటికొచ్చి గడ్డి మోపుకి ఆనుకుని, గొడవల్లేని చోటు అంటూ ఒకటుంటుందా అని కుక్కపిల్లనే అడుగుతుంది. అక్కడ మొదలవుతుంది పాట. సినిమా మొదలై ఐదారు నిమిషాలు కూడా అయ్యుండదు. కాన్సాస్ సీన్లన్నీ గోధుమరంగు వెలిసిన ఫోటోలా ఉంటాయి, తర్వాత సుడిగాలి ఆ పిల్లని ఇంటితో సహా ఎత్తుకెళ్ళి ఓజ్ అనే లోకంలో పడేశాకే తెరంతా రంగులొస్తాయి. అంటే ఆ పిల్ల హరివిల్లు గురించి పాడేటప్పుడు తెర మీద ఒక్క రంగూ లేదన్నమాట. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

పాట రాసింది యిప్ హార్బర్గ్, బాణీ హెరాల్డ్ ఆర్లెన్. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన పిల్లల పుస్తకం ఆధారంగా తీశారు సినిమా, కానీ ఈ పాట పుస్తకంలోది కాదు, సినిమా కోసం కొత్తగా పుట్టింది. వాన ఎరగని ఎండు నేల మీద బతికే పిల్లకి జీవితంలో కంటపడే రంగుల వస్తువు ఏముంటుంది, హరివిల్లు తప్ప అని ఆలోచించాడట హార్బర్గ్. ఎంత సూటైన ఆలోచన చూడండి. ఆయన న్యూయార్క్‌లో, రష్యా నుంచి వలసొచ్చిన పేద యూదుల ఇంట్లో పుట్టినవాడు, చిన్నప్పుడు ఆకలి చూసినవాడు, తర్వాత పెట్టుకున్న కరెంటు సామాన్ల వ్యాపారం 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలడంతో మునిగిపోతే అప్పుడు పాటలు రాయడం పనిగా పెట్టుకున్నాడు. లేని చోటు నుంచి ఉన్న చోటుని చూడ్డం అంటే ఏంటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆర్లెన్ వాళ్ళ నాన్న బఫెలో ఊళ్ళో యూదుల ప్రార్థనా మందిరంలో పాడే గాయకుడు. ఇంట్లో పొద్దస్తమానం దేవుడి పాట వింటూ పెరిగాడు, మన దగ్గర భాగవతార్ల పిల్లలు పెరిగినట్టు.

సినిమాలో మిగతా పాటలు చాలావరకు అయిపోయాయట, ఈ ఒక్కదానికీ బాణీ కుదరట్లేదు. ఒకరోజు ఆర్లెన్ భార్యతో కార్లో సినిమాకి వెళ్తుంటే, ఆవిడే నడుపుతోంది, హాలీవుడ్‌లో సన్‌సెట్ బులవార్డ్ మీద ష్వాబ్స్ అనే మందుల షాపు దగ్గర తట్టింది బాణీ. కారు పక్కకి ఆపించి కాగితం మీద గీసేసుకున్నాడు. తీసుకెళ్ళి హార్బర్గ్‌కి వినిపిస్తే ఆయన మొహం చిట్లించాడు, ఇది పెద్ద పెద్ద గాయకులు పాడాల్సినట్టుంది, పొలంలో చిన్నపిల్లకి ఇంత బరువా అన్నాడు. అప్పుడు వాళ్ళిద్దరూ ఐరా గెర్ష్విన్ అనే ఇంకో పాటల రచయితని పిలిచారు. ఆయన విని, కొంచెం చురుగ్గా వాయించు, కార్డ్స్, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు, అన్ని గుప్పించకు, తేలిగ్గా వాయించు అన్నాడు. అంతే, బరువు దిగిపోయి పిల్ల పాట బయటికొచ్చింది. మీ పాపకి నేను చెప్పబోయేది కూడా ఇదే, అందుకే ఇంత వివరంగా రాశా.

ఇప్పుడు స్వరాలు. మొదటి రెండు స్వరాలూ స, పై స. మధ్యలో మెట్టు లేదు, నిచ్చెన లేదు, కింద షడ్జం నుంచి తార షడ్జానికి ఒక్క ఎగురు. తర్వాత ని, ప, ద, ని, మళ్ళీ పై స. సినిమాలో పిల్ల నేల మీద నుంచుని ఆకాశం కేసి చూస్తుంది కదా, ఆ చూపే ఈ ఎగురు. మాట ఇంకా పూర్తి కాలేదు, ఆ పిల్లకి ఏం కావాలో మనకి తెలిసిపోయింది. ఈ పాటలో ఉన్నదంతా నా దృష్టిలో అక్కడే ఉంది.

నేను ఈ పాట నేర్చుకుంది కూడా మీ పెరంబూర్లోనే. అప్పుడు రైల్వే వాళ్ళ ఇళ్ళ వైపు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి, ఒక మిస్ ఇంట్లో పాత పియానో ఉండేది. మా నాన్న నన్ను వారానికి రెండ్రోజులు పంపించేవాడు, నాకప్పుడు పన్నెండేళ్ళు. కార్తీకం వానలకి ఆ పియానో చెక్క ఉబ్బిపోయి, ఒక మెట్టు నొక్కితే కిందికెళ్ళి అక్కడే ఉండిపోయేది, గోరు పెట్టి పైకి లాగాలి. ఖర్మ ఏంటంటే అది సరిగ్గా ఆ పై స మెట్టే. మిస్ కింద స వాయించేది, పై స దగ్గర టక్ మని చెక్క చప్పుడు తప్ప నాదం లేదు. నా వైపు చూసేది, అది నువ్వే పాడు అన్నట్టు. అలా నెలన్నర పాడా. పియానో సాయం చెయ్యని చోట గొంతే వెళ్ళాలి, చేరాలి. వానలు పోయి చెక్క ఎండి ఆ మెట్టు మళ్ళీ మోగిన రోజు మిస్ నవ్వింది, నాకు మాత్రం దాని అవసరం పోయింది.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. కరోకే ట్రాక్ పక్కన పెట్టేయండి కొన్నాళ్ళు. శృతి బాక్స్ పెట్టి, స పాడించండి, ఆపించండి, పై స మనసులో వినమనండి, విన్నాక పాడమనండి. ఎగిరేటప్పుడు గట్టిగా అరవకూడదు, మెడ నరాలు బిగిస్తే స్వరం ఎప్పుడూ కొంచెం కిందే ఆగిపోతుంది. రెండోది, వాళ్ళ క్లాసులో పాడే శృతి దీనికి పనికిరాదు. ఐదు శృతిలో పాడే పిల్ల అయితే ఈ పాటలో మూడో ముక్క దగ్గర మంద్ర ధైవతం, అంటే కింద స కన్నా దిగువనున్న ద, దాకా దిగాలి, అక్కడ గొంతు గాలిగా పోతుంది, హాల్లో ఎవరికీ వినపడదు. ఆరున్నరకో ఏడుకో జరిపి చూడండి. మూడోది, నిషాదాన్ని ఊపొద్దని చెప్పండి. మూడేళ్ళు వర్ణం పాడిన గొంతుకి ని కనపడితే చాలు స్వరం దానంతటదే ఊగుతుంది, అది మంచి అలవాటే కానీ ఈ పాటకి కాదు, ఇక్కడ స్వరం కడిగిన గాజు గ్లాసులా నిలబడాలి.

ప్రశ్న: మేడమ్, నేను ఓఎమ్‌ఆర్‌లో ఐటీ ఉద్యోగిని, షార్ట్ ఫిల్మ్స్ ఎడిటింగ్ కూడా చేస్తుంటా. ఈ పాటని సినిమాలోంచి తీసేద్దామనుకున్నారని ఎక్కడో విన్నా, నిజమేనా? అంత పెద్ద హిట్‌ని ఎందుకు తీసేస్తారు? (టి.నగర్)

జవాబు: నిజమే తమ్ముడూ. కాకపోతే అప్పటికది హిట్ కాదు కదా, ఎవరూ వినని ఒక పాట, అంతే. విడుదలకి ముందు ప్రివ్యూలు వేసి చూశాక ఎమ్‌జీఎమ్ పెద్దలకి సినిమా పొడుగైపోయింది అనిపించింది. కాన్సాస్ భాగం సాగుతోంది, పిల్లలకి విసుగొస్తుంది, పైగా మన కంపెనీ స్టార్ పశువుల కొట్టం పక్కన నుంచుని పాడ్డమేంటి అన్నారు, పాట తీసేశారు. నిర్మాత మెర్విన్ లెరాయ్, ఆయన దగ్గర పనిచేసిన ఆర్థర్ ఫ్రీడ్ పట్టుబట్టి పోట్లాడి మళ్ళీ పెట్టించారు. ఇంకో సంగతి, మంత్రగత్తె కోటలో డోరతీ బందీగా ఉన్నప్పుడు ఇదే పాట ఏడుస్తూ మళ్ళీ పాడే ఘట్టం ఒకటి చిత్రీకరించారు, అది మాత్రం పోయింది, తెరకెక్కలేదు. ఆడియో మిగిలింది, వింటే గుండె పట్టేస్తుంది, నిజం చెప్పాలంటే అది తీసేయడమే మంచిదైందేమో అని కూడా అనిపిస్తుంది నాకు, ఎందుకంటే చిన్నపిల్లలు ఆ ఏడుపు తట్టుకోలేరు.

తర్వాత ఏమైంది? 1940 ఫిబ్రవరిలో ఉత్తమ పాటగా ఆస్కార్. 2004లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంద సినిమా పాటల్లో మొదటి స్థానం దీనికే ఇచ్చింది. ఇది పాడిన జూడీ గార్లండ్‌కి రికార్డింగ్ నాటికి, అంటే 1938 అక్టోబర్ నాటికి, పదహారేళ్ళు. ఇంకో తమాషా, సినిమాకి దర్శకుడిగా పేరు విక్టర్ ఫ్లెమింగ్‌ది, కానీ ఆయన్ని మధ్యలో 'గాన్ విత్ ద విండ్'కి పిలిపించేసుకుంటే, కాన్సాస్ సీన్లు, ఈ పాటతో సహా, కింగ్ విడార్ తీశాడు. ఆయన పేరు టైటిల్స్‌లో లేదు.

నువ్వు ఎడిటింగ్ చేస్తావని రాశావు కాబట్టి ఒక మాట. నా స్టూడెంట్ ఒకమ్మాయి కొన్నేళ్ళ కిందట ఒక ఫంక్షన్‌లో పాడుతుంటే, నిర్వాహకులు ముందే చెప్పారు, నెమ్మదిగా ఉండే పల్లవి ఒక్కసారే పాడి స్పీడ్ పోర్షన్‌కి వెళ్ళిపోండి, జనం లేచిపోతారు అని. ఆ పిల్ల సరేనని అలాగే పాడింది, జనం లేవలేదు, కానీ పాట కూడా చెవికెక్కలేదు. నాకు ఇప్పటికీ బాధే, నేను అడ్డం చెప్పాల్సింది, చెప్పలేదు. కథలో ఒక మనిషికి ఏం కావాలో తెలియడానికి రెండున్నర నిమిషాలు పడితే పట్టనివ్వాలి. ఈ పాట లేకుండా సినిమా చూడు ఒకసారి మనసులో, సుడిగాలి వస్తుంది, ఇల్లు ఎగురుతుంది, రంగులొస్తాయి, అన్నీ ఉంటాయి, కానీ ఆ పిల్ల కోరుకుంది కాబట్టి వచ్చాయన్న సంగతి ఉండదు.

ప్రశ్న: అమ్మా, నేను కోడంబాకం స్టూడియోల్లో ముప్ఫై ఏళ్ళు వయొలిన్ వాయించి రిటైరయ్యాను. నొటేషన్ చూసి వాయించినవాణ్ణే. ఈ పాట శంకరాభరణం అని నేనంటే మా మనవడు నవ్వుతున్నాడు. నేనన్నది తప్పా? (రాయపురం)

జవాబు: పెద్దాయన గారికి నమస్కారం. మీరన్నది తప్పు కాదండి, మనవడు నవ్విందీ పూర్తిగా తప్పు కాదు. స్వరాలు తీసుకుంటే ధీర శంకరాభరణమే, ఇరవై తొమ్మిదో మేళం, పాశ్చాత్య సంగీతం వాళ్ళ మేజర్ స్కేల్. కాని రాగం అంటే స్వరాల లెక్క ఒక్కటే కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. స్వరాన్ని ఊపే ఆ గమకం, రాగం తిరిగే ఆ సంచారం ఇక్కడ లేవు, వాళ్ళకి పాట నడిచేది కింద మారే కార్డ్స్ మీద.

అయితే మనవడికి ఇది చెప్పండి. ఈ పని మద్రాసులో రెండొందల ఏళ్ళ కిందటే జరిగింది. ముత్తుస్వామి దీక్షితార్ గారు ఇక్కడ మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జ్ కోటలో తెల్లవాళ్ళ బ్యాండు విని, ఆ బాణీలకి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నొట్టుస్వర సాహిత్యాలని ఇప్పటికీ పిల్లలకి నేర్పిస్తాం, దాదాపు నలభై ఉన్నాయి, అన్నీ శంకరాభరణం స్వరాల్లోనే. 'సంతతం పాహిమాం' అనే దాని బాణీ అయితే బ్రిటిష్ వాళ్ళ జాతీయ గీతానిదే. అంత మహానుభావుడు కూడా వాటికి గమకం తగిలించలేదు, వచ్చినదాన్ని వచ్చినట్టే ఉంచారు. పైన పెరంబూర్ అమ్మాయికి నేను నిషాదం ఊపొద్దన్నది ఆయన చూపించిన దారే.

ఇంకోటి, మీకు నచ్చుతుందని. చరణంలో స్వరాలు చూడండి, ప గ ప గ ప గ, తర్వాత ప మ ప మ ప మ, రెండు స్వరాల మధ్య ఉయ్యాల. చిన్నపిల్లలు పియానో మీద సాధన చేసే వరసలా ఉంటుంది. మన దాటు వరసలు పాడే పిల్లలకి అది ఇట్టే పట్టుబడుతుంది. ఆర్లెన్ తన కుక్కని పిలవడానికి వేసే ఈలలోంచి అది వచ్చిందని హార్బర్గ్ తర్వాతి రోజుల్లో చెప్పేవాడు. పల్లవిలో అంత పెద్ద ఎగురు, చరణంలో ఇంత చిన్న ఊగు. పెద్దవాళ్ళకి సరిపడే కోరిక పల్లవిలో ఉంది, అది కోరుకునేది చిన్నపిల్లే అన్నది చరణంలో ఉంది. మీరు వయొలిన్ మీద ఈ రెండూ వాయించి మనవడికి వినిపించండి, వాదన కన్నా అది మంచిది.

ప్రశ్న: అక్కా, నేను యుకలేలే నేర్చుకుంటున్నా. యూట్యూబ్‌లో ఒక లావుపాటి హవాయి ఆయన పాడింది చూసే నేర్చుకున్నా. మా ఫ్రెండ్ అది ఒరిజినల్ కాదంటోంది. ఏది నేర్చుకోవాలి? (చూళైమేడు, బీకామ్ స్టూడెంట్)

జవాబు: ఆయన పేరు ఇజ్రాయెల్ కమకవివోఒలే, హవాయి వాళ్ళు ముద్దుగా ఇజ్ అంటారు. 1988లో ఒకరోజు అర్ధరాత్రి దాటాక హొనలూలూలో స్టూడియోకి వెళ్ళి, గొంతు ఒకటి, యుకలేలే ఒకటి, అంతే, రికార్డు చేసేశాడు. 1993లో 'ఫేసింగ్ ఫ్యూచర్' ఆల్బమ్‌లో వచ్చాక ప్రపంచమంతా పాకింది. 1997లో పోయాడు పాపం, నలభై కూడా నిండలేదు. ఆయన వరస చాలా చోట్ల మార్చాడు, మాటలు కూడా అటూ ఇటూ అయ్యాయి, ఇంకో పాటతో కలిపేశాడు. మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టే కానీ ఆయనది నకలు కాదు, ఆయన పాట ఆయనది. జూడీ పాటలో పిల్ల అవతలి ఒడ్డుకేసి చూస్తోంది, ఇజ్ పాటలో ఆ ఒడ్డు మీదే కూర్చున్న మనిషి వినపడతాడు నాకు.

యుకలేలే మీద అయితే ఆయనదే నేర్చుకో తల్లీ, నాలుగు తీగలకి హాయిగా అమరుతుంది. గొంతుతో పాడాలనుకుంటే మాత్రం ముందు 1939ది నేర్చుకో, తర్వాత ఇటు రా. ఇటునుంచి అటు వెళ్తే ఆ మొదటి ఎగురు ఎప్పటికీ బద్ధకంగానే ఉండిపోతుంది, నా దగ్గరికొచ్చిన పిల్లల్లో చూశా.

ప్రశ్న: అమ్మా, నేను గేయాలు రాస్తుంటాను. దీన్ని అదే బాణీలో తెలుగులో రాయాలని ఏడాదిగా ప్రయత్నం. హరివిల్లు అనే మాట ఎక్కడా ఇమడటం లేదు. తెలుగు లొంగదా దీనికి? (ఆవడి)

జవాబు: లొంగకపోవడమేంటండీ, మీరు అడిగే చోటే కొంచెం తేడా. బాణీ గురులఘువులు చూడండి. మొదటి రెండు స్వరాలు రెండు పెద్ద గురువులు. తర్వాత ఒక గురువు, రెండు లఘువులు, మళ్ళీ రెండు గురువులు, అంటే భగణం మీద గగ. హరివిల్లు ఎలా ఉంది? రెండు లఘువులు, గురువు, లఘువు. ఏ మూలా పట్టదు. ఇంద్రధనుస్సు ఇంకా బరువు, పలకడానికే సైన్సు టెక్స్ట్‌బుక్కులా ఉంటుంది. తెలంగాణ వాళ్ళ సింగిడి ఎంత బాగుంటుందో, గురువు, లఘువు, లఘువు, అచ్చంగా భగణం! దాన్ని ఎందుకు వాడరు? మనం మద్రాసు వాళ్ళం, ఇక్కడ చుట్టూ తమిళంలో వానవిల్ అంటుంటే విని విని మనమూ వానవిల్లు అనేస్తాం, అది కూడా మంచి మాటే, తప్పేం లేదు.

అసలు చిక్కు మొదటి మాటతో. ఇంగ్లీష్‌లో ఎక్కడో అన్న అర్థమున్న మాట రెండు ముక్కలు, రెంటినీ ఎంతసేపైనా సాగదీయొచ్చు. మన 'ఎక్కడో' మూడు ముక్కలు, మధ్యలో 'క' పొట్టిది, పై స మీద ఆ 'క'ని నిలబెట్టలేం. నేను 'దూరం' అని పెట్టి చూశా. దూ కింద స, రం పైన స, పెదవులు మూసుకుంటూ ఆ ముగింపు గాల్లో మోగుతుంది. 'దూరం, సింగిడి దాటీ' అని పాడుకుంటే సరిగ్గా ఏడు స్వరాలకి ఏడు అక్షరాలు కూర్చున్నాయి. నా లైను మీరు వాడక్కర్లేదు, దారి చూపించడానికి చెప్పా. ఒకటి మాత్రం గట్టిగా చెప్తా, స్వర్గం, నందనవనం, గంధర్వలోకం లాంటి మాటలు తేవద్దు. పన్నెండేళ్ళ పిల్ల మాట్లాడే మాటలే వాడండి. ఇంకా, రాసుకుని ఇంట్లో పాడుకోండి, అచ్చు వేయించాలంటే మాత్రం హక్కుదార్ల అనుమతి కావాలి, ఆ పాటకి ఇంకా కాపీరైటు ఉంది.

ప్రశ్న: మేడమ్, పెళ్ళై గుంటూరు దగ్గర పల్లె నుంచి మద్రాసు వచ్చి నాలుగేళ్ళు. భాష ఇప్పుడిప్పుడే వస్తోంది. ఈ పాటకి అర్థం మా ఆయన చెప్పాడు, అది ఆశ గురించి కదా, వింటే నాకు ఏడుపెందుకొస్తుంది? (పోరూర్)

జవాబు: వస్తుందమ్మా. ఆ పాట ఎక్కడా నేను వెళ్ళాను అని చెప్పదు. పిట్టలు వెళ్తున్నాయి కదా, మరి నేనెందుకు వెళ్ళలేను అని అడిగి ఆగిపోతుంది. జవాబు లేని ప్రశ్నతో అయిపోయే పాట. జూడీ గార్లండ్ పెద్దయ్యాక, జీవితంలో చాలా దెబ్బలు తిన్నాక, 1950లలో స్టేజి మీద చిరుగుల కోటు వేసుకుని, బిచ్చగాడి వేషంలో, స్టేజి అంచున కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుని ఇదే పాట పాడేది. 1961లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పాడిన రికార్డింగ్ దొరుకుతుంది, వినండి. పదహారేళ్ళప్పుడు వెళ్ళగలనా అని అడిగిన గొంతు, ముప్ఫై ఎనిమిదేళ్ళప్పుడు వెళ్ళలేకపోయానే అని అడుగుతుంది, ఒక్క అక్షరం మార్చకుండా. 1969లో నలభై ఏడేళ్ళకే పోయింది ఆవిడ.

ఇంకో విషయం మీకోసం ప్రత్యేకంగా. రంగుల లోకానికి వెళ్ళిన డోరతీ సినిమా అంతా చేసే పని ఏంటో తెలుసా, ఇంటికి దారి వెతుక్కోవడం. మీ ఊరి పొలం గట్టు మీద నుంచి చూసినప్పుడు మద్రాసు అవతలి ఒడ్డు అయ్యుంటుంది, ఇక్కడ కిటికీలోంచి చూస్తే ఆ గట్టు అవతలి ఒడ్డు అయిపోయింది. ఏడుపొస్తే రానివ్వండి. ఆదివారం పూట అమ్మకి ఫోన్ చేసి ఈ పాట వినిపించండి, అర్థం కాకపోయినా బాణీ అందుతుంది.

ప్రశ్న: ఆంటీ, నాకు ఎనిమిదేళ్ళు. హరివిల్లు అవతల ఏముంది? బస్సులో వెళ్ళొచ్చా? (తిరువాన్మియూర్, వాళ్ళ నాన్న చేతిరాత)

జవాబు: కన్నా, బస్సులో కాదు కదా విమానంలో వెళ్ళినా దాని దగ్గరికి చేరలేం, నువ్వు జరిగితే అదీ జరుగుతుంది. ఎండ నీ వీపు మీద పడుతుండాలి, నీ ముందు వాన చుక్కలుండాలి, అప్పుడు ఆ చుక్కల్లోంచి వెలుగు విరిగి వెనక్కి తిరిగి నీ కంట్లో పడితే అది హరివిల్లు. నీ పక్కనున్న మీ నాన్నకి కనిపించేది వేరే చుక్కల్లోంచి, అంటే ఆయనది ఆయనకి, నీది నీకు. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీదుంటే నేల మీద నుంచి కనపడదు, బాగా కిందికి దిగాలి.

మీ తిరువాన్మియూర్‌లో చాలా వీలు. సాయంత్రం పూట సూర్యుడు పడమట, అంటే ఊరి వైపు ఉంటాడు, కాబట్టి హరివిల్లు వస్తే తూర్పున సముద్రం మీదే రావాలి. ఈసారి సాయంత్రం ఎండా వానా కలిసొచ్చినప్పుడు నాన్నని తీసుకుని బీచ్‌కి పరిగెత్తు, గొడుగు పట్టుకెళ్ళు, ఉరుములుంటే మాత్రం వద్దు. కనిపిస్తే ఎన్ని గంటలకి కనిపించింది, ఎంతసేపుంది రాసి నాకు పంపించు, వచ్చే నెల వేస్తా.